లాంతరు వెలిగించేదెవరు

కుర్చీలోంచి లేచిన లెక్చరరు గారు ముందు మంచినీళ్ళు అడిగారు. గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాక, "ఇంతకీ ఆ నగల కొట్టు గుమాస్తాని చంపిందెవరండీ?" అన్నారు.

గది గదంతా చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు ఎందుకో లెక్చరరు గారికి అర్థం కాలేదు. పొద్దున ఇదే కుర్చీలో కూర్చోబోయే ముందు హంతకుడి పేరూ, వాడు కత్తి దాచిన బియ్యం డబ్బా, ఆఖరికి వాణ్ణి పట్టిచ్చిన చొక్కా గుండీ అన్నీ ఆయనే గడగడా చెప్పారు. ఇప్పుడు అదే సీరియల్ పోస్టరు చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని, "బావుంటుందా? చూడమంటారా?" అని అడుగుతున్నారు.

హిమబిందు చప్పట్లు కొట్టలేదు. ఆమె చేతులు ఖాళీగా లేవు. ఆయన తలమీంచి తీసిన టోపీని పట్టుకుని ఉంది, దాని నిండా చల్లటి జిగురు. ఆ చలికి పెద్దవాళ్ళు వణుకుతున్నారని చెవుల దగ్గర ఊలు గుడ్డ కుట్టించింది ఆమే. ఆ ప్రయోగశాలలో ఎవరూ అడగకుండా జరిగిన మంచిపని బహుశా అదొక్కటే.

జ్ఞాపకం రాతి మీద చెక్కిన అక్షరం కాదు, కుమ్మరి సారె మీది మట్టి. గుర్తు చేసుకున్న ప్రతిసారీ కాసేపు తడిసి మెత్తబడుతుంది, మళ్ళీ ఆరి గట్టిపడుతుంది. ఆ మెత్తగా ఉన్న కాసేపట్లో తుడిచేస్తే పోతుంది. టోపీ చేసే పని అంతే. ఎదురుగా తెరమీద బొమ్మలు వేస్తారు. ఆ బొమ్మకి మెదడులో ఏది వెలిగితే అది కరుగుతుంది. వెలగనిది అలాగే ఉంటుంది. దాచుకోవలసినవి ఏమన్నా ఉంటే కూర్చునే ముందు మనిషి నోటితో చెప్పాలి. యంత్రం వాటి చుట్టూ కంచె వేసి, ముట్టుకోదు.

తుపానులో పడవ బోల్తాపడి తోటివాళ్ళని పోగొట్టుకున్న జాలర్ల కోసం మొదలైన పరిశోధన అది. నీళ్ళ శబ్దం వింటేనే ఉలిక్కిపడే మనుషులకి కాస్త నిద్ర పట్టాలని. రెండేళ్ళకి నిధులు ఆగిపోయాయి. అప్పుడు సీరియళ్ళు అమ్ముకునే సంస్థ ఒకటి వచ్చింది. వాళ్ళ దగ్గర గుట్టలకొద్దీ మిస్టరీ కథలున్నాయి, అందరికీ ముగింపులు తెలిసిపోయి ఎవరూ చూడ్డంలేదు. మర్చిపోతే మళ్ళీ చూస్తారు. దానికి "తొలిచూపు" అని పేరు కూడా వాళ్ళే పెట్టారు. ప్రయోగశాల పెద్ద డాక్టర్ కామేశ్, "జాలర్ల పని కూడా ఈ డబ్బుతోనే నడుస్తుందమ్మా" అన్నాడు. అది నడవలేదు.

*

మర్రిపాలెంలో మూడో అంతస్తు ఇంట్లో హిమబిందూ వాళ్ళ నాన్న సన్యాసిరావూ ఉంటారు. పోర్టులో క్రేన్లు నడిపి రిటైరైన మనిషి ఆయన. ఎత్తునుంచి కిందికి చూసే అలవాటు వల్ల కాబోలు, మనుషులతో మాట్లాడేటప్పుడు కాస్త గట్టిగా మాట్లాడతాడు. భార్య నూకరత్నం పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. కిడ్నీలు పాడై ఆఖరి రెండేళ్ళూ ఆమె వారానికి మూడు సాయంత్రాలు డయాలసిస్ సెంటర్లో గడిపింది. ఆయన పక్కన స్టూలు మీద గడిపాడు.

ఆ రెండేళ్ళూ తెలుగు రాష్ట్రాల్లో జనం "లాంతరు లంక" సీరియల్ పిచ్చిలో ఉన్నారు. గోదావరి మధ్యన మనుషులెవరూ లేని ఒక లంక. రోజూ సంజెవేళ అక్కడొక లాంతరు వెలుగుతుంది. ఒడ్డున లాంచీ నడిపే సరంగు భద్రం భార్య చంద్రకళ ఒక వానరోజు కనిపించకుండా పోతుంది. ఆమె చెప్పులు ఇవతలి ఒడ్డున దొరుకుతాయి. లాంతరు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఎవరు వెలిగిస్తున్నారు? చెప్పులు ఇటెందుకున్నాయి? సరంగు ఎప్పుడూ లంకవైపు తలెత్తి చూడడేం? టీ కొట్ల దగ్గర, సిటీ బస్సుల్లో, ఫోను గ్రూపుల్లో ఇదే గొడవ. ఆ ఊరి డాక్టర్ శేషాద్రే ఆమెని మాయం చేశాడని కొందరు, చంద్రకళకి కవల చెల్లెలుందని కొందరు, అసలు లంకే లేదు, అంతా సరంగు కల అని మరికొందరు. పెళ్ళిపందిట్లో రెండు పక్షాలయి భోజనాలు ఆలస్యం చేసినవాళ్ళున్నారు.

హిమబిందుకి ఆ సీరియల్ చూసే తీరిక ఉండేది కాదు. తెలిసిందల్లా అమ్మా నాన్నా సెంటరునుంచి ఆటోలో వచ్చి, మెట్లెక్కుతూ కూడా వాదించుకోవడమే. మెట్టుమెట్టుకీ ఆగి ఆయాసపడుతూ అమ్మ ఏదో అనేది. నాన్న "నేనొప్పుకోను" అనేవాడు. ఇద్దరూ చిన్నపిల్లలైపోయారనుకునేది కూతురు. సెంటరుకి బయల్దేరేముందు సన్యాసిరావు బాల్కనీ లైటు వేసి వెళ్ళేవాడు. తిరిగొచ్చేటప్పుడు సందు మలుపులోంచి అది కనిపిస్తే, "అదిగో మన లంక" అనేది నూకరత్నం. ఆమె పోయాక కూడా ఆయన ఆ లైటు మానలేదు. వేళకి లేచి వెళ్ళి వేసి వచ్చేవాడు.

సీరియల్ ఇంకా ఎనిమిది భాగాలున్నాయనగా ఆమె పోయింది. ఆ ఎనిమిదీ ఆయన ఒక్కడే చూశాడు. చూసినన్నాళ్ళూ పక్క కుర్చీ మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు.

ఒక ఆదివారం పొద్దున దోసెలు తింటుండగా ఆయన అడిగాడు.

"బిందూ, మీ టోపీ నాకూ పెడతారేటి?"

"నీకెందుకు నాన్నా?"

"ఆ లాంతరు లంక ఉంది కదా. దాని ఆఖరి ఎనిమిది భాగాలూ తీసెయ్యాలి. ముందువి ఉంచి."

"ముగింపు బాగాలేదా?"

"ముగింపుకేం, బాగానే ఉంది. మీ అమ్మే గెలిచింది." దోసె ముక్కని చట్నీలో అటూ ఇటూ తిప్పాడు కానీ నోట్లో పెట్టుకోలేదు. "ఆవిడకి తెలీనిది నాకు తెలిసి కూర్చుందమ్మా. అది బాలేదు. ఆవిడ ఎక్కడ ఆగిందో నేనూ అక్కడే ఆగితే, వాదన ఇంకా ఉన్నట్టుంటది. ఇప్పుడయిపోయినట్టుంది."

"అమ్మ గెలిస్తే నీకు సంతోషమే కదా?"

"గెలిచావని చెప్పడానికి మనిషేదీ?" అని కంచం తీసుకుని లేచిపోయాడు.

హిమబిందు వారం రోజులు ఆలోచించింది. ఆయన జీవితంలో కూతుర్ని అడిగినవి తక్కువ. ఇది చేయగలిగిన పని, పైగా ఆమె చేతుల్లో ఉన్న పని. కామేశ్‌ని అడిగితే ఎగిరి గంతేశాడు. లాంతరు లంకే "తొలిచూపు"కి మొదటి సీరియల్ కాబోతోంది. "అంత వీరాభిమాని దొరకడం మన అదృష్టం" అన్నాడు.

*

కంచె వేసే గదిలో ఆమే ఎదురుగా కూర్చుంది.

"దాచుకోవలసినవి ఒక్కొక్కటీ చెప్పు నాన్నా. తొందరేం లేదు."

సన్యాసిరావు పెళ్ళినాటి సంగతులు చెప్పాడు. నూకరత్నం మొదటిసారి భీమిలిలో అలల్లోకి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తడం. కూతురు పుట్టిన రోజు క్రేను మీంచి దిగబోతూ నిచ్చెన మెట్లు తప్పి మోకాలు చీరుకోవడం. ఆమె చేసే కంద పులుసు. ఆమె పోయిన రోజు.

"అది కూడా ఉంచాలా?" అంది కూతురు మెల్లిగా.

"ఉంచాలి. అదీ నాదే కదా."

"ఆస్పత్రి రోజులో?"

"సూదులూ గొట్టాలూనా? ఉంటే ఉంటాయి, పోతే పోతాయి. ఆటికి కంచెలెందుకు."

"సీరియల్ చూసిన సాయంత్రాలు?"

ఆయన నవ్వాడు. "అది ఒట్టి సీరియలమ్మా. దాన్ని కూడా దాచుకుంటారేటి ఎవరన్నా?"

ఆమె కూడా నవ్వింది. తరవాత ఎన్నోసార్లు ఆ నవ్వే గుర్తొచ్చింది ఆమెకి. మూడోమాటు అడగవలసింది. కానీ తండ్రి చెప్పింది ఆమెకీ సబబుగానే తోచింది. ఆస్పత్రి జ్ఞాపకం రవ్వంత చెరిగినా మంచిదేనని మనసులో అనుకుంది కూడా.

ఊలు గుడ్డని ఆయన చెవుల మీదికి సర్దింది. "చల్లగా ఉంటుంది, భయపడకు."

"క్రేను మీద గాలికంటేనా" అన్నాడాయన.

తెర మీద ఆఖరి ఎనిమిది భాగాల్లోంచి తీసిన బొమ్మలు పడటం మొదలైంది. గోదావరి. లాంచీ. సరంగు భద్రం తుండుగుడ్డతో చేతులు తుడుచుకోవడం. లాంతరు. పక్కనున్న రెండో తెర మీద ఆయన మెదడులో వెలిగేది కనిపిస్తోంది. మామూలుగా అది కొబ్బరిచిప్పలో కర్పూరంబిళ్ళంత ఉంటుంది. లెక్చరరు గారిది అంతకన్నా చిన్నది. సన్యాసిరావు తలలో మొదటి బొమ్మకే అది పక్కలకి పాకింది. రెండో బొమ్మకి ఊరంతా దీపాలు పెట్టినట్టయింది. మాట దాచుకునే చోట, గొంతులు గుర్తుపట్టే చోట, నవ్వు పుట్టే చోట.

హిమబిందు చెయ్యి ఆపే మీట దాకా వెళ్ళింది. "ఇంత పెద్దదిగా ఎప్పుడూ రాలేదు సార్. ఒకసారి ఆపి చూద్దామా?"

"సగంలో ఆపితే తడిసింది తడిసినట్టే ఉండిపోతుంది, గజిబిజి అయిపోతాడు. కంచెలు చెక్కుచెదర్లేదు, చూడు" అన్నాడు కామేశ్. నిజమే. పెళ్ళి, భీమిలి, కంద పులుసు, అన్నీ కంచెల్లో పదిలంగా ఉన్నాయి. "వీరాభిమాని కదా. మరి వెలగదూ?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. వెలిగినవన్నీ ఒక్కొక్కటే మలిగాయి. కుర్చీలో ఆయన చిన్నపిల్లాడిలా నిద్రపోయాడు. మొహంలో ఏ బాధా లేదు. ఆమెకి ఆ పూటకి అదొక్కటే ఊరట.

*

ఎనిమిది భాగాలే పోవలసింది, సీరియల్ మొత్తం పోయింది. పేరు చెబితే, "ఏదో విన్నట్టుంది" అన్నాడు. కామేశ్ అది మరీ మంచిదన్నాడు, మొదటినుంచీ చూసుకోవచ్చు కదా అని. రిపోర్టులో "ఆశించినదానికన్నా మెరుగు" అని రాశారు.

ఆ సాయంత్రం బాల్కనీ లైటు వెలగలేదు. హిమబిందు గమనించింది గానీ అలిసిపోయాడనుకుంది. మర్నాడూ వెలగలేదు.

నాలుగైదు రోజులకి, చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆయనే మాటెత్తాడు.

"బిందూ, మీ అమ్మకి నామీద కోపముండేదేటి?"

"అదేం మాట?"

"ఆఖరి రెండేళ్ళూ నాతో మాట్లాడలేదు కదా."

ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"వారానికి మూడుసార్లు తీసుకెళ్ళేవాణ్ణి. ఆటోలో ఎక్కించడం గుర్తుంది. సూది గుచ్చేటప్పుడు ఆవిడ కళ్ళు మూసుకోడం గుర్తుంది. గొట్టంలో నెత్తురు తిరగడం గుర్తుంది. ఆవిడ మంచమ్మీద, నేను స్టూలు మీద. గంటలు గంటలు. ఒక్క మాట లేదు. ఆవిడ నోరు కదుల్తున్నట్టే ఉంటది, మాట వినపడదు." గింజలన్నీ గిన్నెలోకి తీశాడు. "నేనైనా ఏదో ఒకటి అడగాల్సింది. మొద్దులా కూర్చున్నాను. ఏం చేశానో ఆవిడకి, అంత కోపం రావడానికి."

హిమబిందుకి అప్పుడు తెలిసింది. ఆ ఎనిమిది భాగాలూ ఆయన ఒంటరిగా చూడలేదు. పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్న మనిషితో ప్రతి బొమ్మ దగ్గరా వాదిస్తూ చూశాడు. ఏ బొమ్మ చూపినా రెండేళ్ళ వాదనంతా వెలిగింది. వెలిగిందంతా కరిగింది. సూదులు సీరియల్‌కి సంబంధించినవి కావు కనక మిగిలాయి. ఆ సూదుల్ని ఓర్చుకోనిచ్చినదేదో అది పోయింది.

"కోపం లేదు నాన్నా. మీరిద్దరూ తెగ మాట్లాడుకునేవారు. మెట్లమీద కూడా. నేను విన్నాను."

"నా మనసు కష్టపెట్టకూడదని చెప్తున్నావులే" అన్నాడు సన్యాసిరావు, ఎంతో మెత్తగా.

*

తిరిగి తెప్పించే దారి ఉందా అని ఆమె కామేశ్‌ని అడిగింది. పలక తుడిచాక అక్షరం ఎక్కడికి పోతుందని ఎదురు ప్రశ్న వేశాడతను.

"ఆయన ఫిర్యాదు చేస్తున్నాడా?"

"ఏం పోయిందో తెలిస్తే కదా సార్ ఫిర్యాదు చేయడానికి!"

"మరింకేం. సంతోషంగా లేనివాడెవడూ లేడు ఇందులో. నువ్వు తప్ప."

మరో నెలకి "తొలిచూపు" తలుపులు తీశారు. లాంతరు లంక అభిమానులు ప్రయోగశాల ఉన్న కొండ కిందిదాకా బారు తీరారు. హిమబిందుని పేర్లు రాసుకునే చోట కూర్చోబెట్టారు. ఆమె ప్రతివాళ్ళనీ ఒకే ప్రశ్న అడిగింది: "ఎవరితో కలిసి చూశారు?" చాలామంది చిరాకుపడ్డారు. ఒకామె మాత్రం పెన్ను కింద పెట్టేసి, "మా తమ్ముడితో" అని, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, వెనక్కి తిరిగి కొండ దిగి వెళ్ళిపోయింది. ఆ రోజు అలా వెళ్ళినవాళ్ళు కొందరే. మర్నాడు ఆ కుర్చీలో వేరే అమ్మాయిని కూర్చోబెట్టారు.

*

డయాలసిస్ సెంటరుకి తండ్రిని తీసుకువెళ్ళడానికి ఆమె ఒక అబద్ధమాడింది, పాత మందుల కాగితాలేవో తెచ్చుకోవాలని. గొంతులు వింటే ఏదన్నా కదులుతుందేమోనని ఆశ.

తలుపు తీయగానే నర్సు గ్రేస్ చేతిలో ట్రే అక్కడే పెట్టి ఎదురొచ్చింది. రెండేళ్ళూ నూకరత్నానికి సూది గుచ్చిన మనిషి. టీవీకి ఎదురుగా ఉన్న నాలుగో మంచం ఆమెకి ఇప్పించింది కూడా గ్రేసే.

"వచ్చారండీ లాంతరు బాబాయ్ గారు! హల్వా ఏదండీ? ఓడిపోయినోళ్ళు మాడుగుల హల్వా పెట్టాలని పందెం. సీరియల్ అయిపోయి ఇన్నాళ్ళయింది, మొహం చాటేశారు!"

మూడో మంచం మీద చేతికి గొట్టాలతో పడుకున్న దర్జీ అప్పలకొండ తలెత్తి నవ్వాడు. "ఎక్కడొస్తాడు సిస్టరూ! మా రత్నమ్మక్క గెలిసీసినాది కదా. ఏటి బావా, సచ్చినోల్ని బతికించీగలవా నువ్వు వాదించి?"

సన్యాసిరావు ఇద్దరివంకా మర్యాదగా చూశాడు. కూతురివంక చూశాడు. "తప్పకుండా తెస్తానమ్మా హల్వా" అన్నాడు. ఆ తరవాత అప్పలకొండ మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చుని, "ఎలా ఉంటంది ఒంట్లో?" అని కొత్తవాళ్ళని అడిగినట్టు అడిగాడు.

గ్రేస్ నవ్వు ఆగిపోయింది. హిమబిందు ఆమెని వరండాలోకి తీసుకెళ్ళి జరిగింది చెప్పింది. గ్రేస్ గోడకానుకుంది.

"మీకు తెలీదా మేడమ్, వాళ్ళు దేనిగురించి వాదించుకునేవారో?"

"సీరియల్ గురించి."

"మేమూ మొదట్లో అలాగే అనుకున్నాం." గ్రేస్ గొంతు తగ్గించింది. అంతలోనే ఆ గొంతులోకి నూకరత్నం వచ్చింది, ఆ ఆయాసంతో సహా. "‘చంద్రకళ లేదండీ. గోదాట్లోనే పోయింది. ఒప్పుకోండి.’ అంటే ఈయన, ‘శవం దొరికిందా? దొరకలేదు. దొరకనంతకాలం బతికున్నట్టే.’ ‘మరి లాంతరెవరు వెలిగిస్తన్నారు?’ ‘ఆవిడే. లంకలో ఉండి వెలిగిస్తంది.’ ‘కాదండీ, ఆయనే. సరంగే వెళ్ళి వెలిగించి వస్తన్నాడు. ఆ బొటనవేలికి మసి చూడండి.’ ‘పెళ్ళాం ఇంట్లో లేని మనిషి వండుకుంటే మసవదా?’ ఇలా రోజూ. నేను సూది గుచ్చేటప్పుడు మరీ గట్టిగా వాదించేవారు, ఆవిడ నొప్పి మర్చిపోవాలని. రేపటి భాగం ఫోన్లో ముందే చూసేసిన వాళ్ళు కూడా ఈ హాల్లో నోరు విప్పేవారు కాదు. వాళ్ళ వాదన చెడగొట్టకూడదని."

హిమబిందు తలుపులోంచి లోపలికి, స్టూలు మీద కూర్చున్న తండ్రివైపు చూసింది.

"ఆఖర్లో ఒకరోజు ఆవిడకి ఓపిక లేదు. ‘సరేలెండి, బతికే ఉందనుకోండి. కానీ ఆయన వేళకి అన్నం తినాలి. లాంతరు వెలిగించడానికి తప్ప ఇంట్లోంచి కదలకపోతే ఎలా?’ అంది. ఈయన ‘ఎవరు, సరంగా?’ అన్నాడు. ‘ఆఁ, సరంగే’ అందావిడ. ఇద్దరూ టీవీ చూస్తూ కూర్చున్నారు. అప్పుడు టీవీలో ప్రకటనలు వస్తున్నాయి మేడమ్."

తిరిగి వెళ్ళేటప్పుడు గ్రేస్ సన్యాసిరావు చేతిలో ఒక నారింజపండు పెట్టింది. రోగులు తినకూడదు కనక పూర్వం వచ్చినప్పుడల్లా ఆయనకే పెట్టేదట. ఆయన దాన్ని జేబులో వేసుకుని దణ్ణం పెట్టాడు.

ఆటోలో కాసేపటికి అన్నాడు: "మంచోళ్ళమ్మా పాపం. నన్ను చూసి మరెవరో అనుకున్నారు. చిన్నబుచ్చుకుంటారని నేనూ కాదన్లేదు."

*

ఇక మిగిలింది ఒక్కటే. సీరియల్ మొదటినుంచీ ఆయనతో చూడటం.

వాదన పోయినా వాదించిన మనిషి ఉన్నాడు కదా అనుకుంది హిమబిందు. ఎంత తుడిచినా నాన్న నాన్నే. లాంతరు చూడగానే "ఆవిడ బతికే ఉంది" అంటాడు. అన్నాడంటే చాలు. ఆమె అమ్మ పక్షం తీసుకుంటుంది. గ్రేస్ చెప్పిన ప్రతి మాటా నేర్చుకుని ఉంచుకుంది. ఆ వాదనే పట్టుకుని మెల్లిగా ఒక్కో మెట్టూ ఎక్కించి, "ఇదిగో, అమ్మ నీతో ఇలా మాట్లాడింది" అని చూపించవచ్చు. అప్పుడు నమ్ముతాడు. అమ్మకి తనమీద కోపం లేదని నమ్ముతాడు.

సాయంత్రం కాఫీలు పెట్టి, ఆయన పక్క కుర్చీలో అమ్మ కూర్చునేలాగే ఒక కాలు మడిచి కూర్చుంది. గ్రేస్ ఇచ్చిన పండు ఒలిచి సగం ఆయన చేతిలో పెట్టింది. మొదటి భాగం వేసింది. గోదావరి మీద పొగమంచు. లాంచీ కూత. చంద్రకళ చెప్పులు. సన్యాసిరావు కదలకుండా చూశాడు. రెండో భాగంలో ఊరంతా వెతికారు. సంజెవేళ అవతల లంకలో లాంతరు వెలిగింది. ఒడ్డున జనం గుసగుసలాడారు. సరంగు భద్రం తలెత్తకుండా తుండుగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

హిమబిందు తండ్రివైపు తిరిగింది. "ఎవరు వెలిగిస్తున్నారంటావు నాన్నా?"

"ఎవరేటి? ఆ సరంగే."

"చంద్రకళ అయి ఉండొచ్చు కదా? లంకలో దాక్కుని..."

"ఆవిడెక్కడిదమ్మా! ఆవిడ పోయింది. ఆ వానరోజే పోయింది." నారింజతొన నోట్లో వేసుకున్నాడు. "ఆడి బొటనవేలు చూడు, మసి. రోజూ ఈడే ఎళ్ళి ఎలిగించి వస్తన్నాడు. పాపం, ఒప్పుకోలేకపోతన్నాడు."

"శవం దొరకలేదు కదా నాన్నా." ఆమెకే తెలియకుండా తండ్రి పాత మాట ఆమె నోట్లోకి వచ్చింది. "దొరకనంతకాలం బతికున్నట్టే కదా?"

సన్యాసిరావు కూతురివైపు తిరిగి జాలిగా నవ్వాడు. పసిపిల్ల ఆశపడితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

"దీనికోసమేనా జనం రెండేళ్ళు కొట్టుకున్నారన్నావు? పన్లేనోళ్ళు. రెండో భాగానికే తెలిసిపోతంది. మీ అమ్మ ఇలాంటివి చూసేది కాదు, మంచి పని చేసింది." రిమోటు అందుకుని టీవీ ఆపేశాడు. కాఫీ గ్లాసులు రెండూ తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. కుళాయి కింద గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

బయట చీకటి పడుతోంది. హిమబిందు కాసేపు ఆ కుర్చీలోనే కూర్చుని, తరవాత లేచి బాల్కనీలోకి వెళ్ళింది. మీట నొక్కి లైటు వేసింది. సందు మలుపులో ఒక ఆటో ఆగి, ఎవరో దిగి, వేరే ఇంట్లోకి వెళ్ళారు.

వెనకనుంచి తండ్రి గొంతు వినపడింది, కాస్త గట్టిగా, ఎప్పటిలాగే.

"బిందూ, బాల్కనీ లైటు వెలుగుతంది. ఎవరు వేశారు?"